మూత తెరిచాకే అగ్గిపుల్ల

పెద్దమ్మ పోయిందన్న మాట మా ఆయన నోట విన్నాను. పొద్దున్నే పాలకని వెళ్ళిన మనిషి ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పెద్దమ్మ పోనాదట. ఆసుపత్రి నుంచి ఇప్పుడే కబురొచ్చింది," అన్నాడు. నేను బియ్యం కడుగుతున్నాను. మూడోసారి నీళ్ళు వంపేశాను. మళ్ళీ నీళ్ళు పోసి నాలుగోసారి కూడా కడిగాను. "మరి పాలేవి?" అని అడిగానట. ఆ మాట నేను అన్నానని సాయంత్రం ఆయన చెబితేగాని నాకు తెలీదు.

అది జరిగి ఇవాళ్టికి పదకొండో రోజు. ఇంతవరకూ నాకు ఏడుపు రాలేదు. బడికి వెళ్ళి పిల్లలకి ఎక్కాలు చెప్పి వస్తున్నాను. కూరలో ఉప్పు సరిగ్గానే పడుతోంది. చేతికి దెబ్బ తగిలినప్పుడు నొప్పి కంటే ముందు కాసేపు తిమ్మిరిగా ఉంటుంది చూడండి, అలా ఉంది. ఆ తిమ్మిరి వదిలేలోపు ఆవిడ గురించి రాయాలి. వదిలాక రాయలేనేమోనని భయం.

మీకు ఆవిడ తెలీదు. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టరూ ఆవిడ క్వార్టరూ ఒకే గోడకి అటూ ఇటూ ఉంటాయి. నాకు నిజంగా పెద్దమ్మ కాదు. మాది శ్రీకాకుళం వైపు, వాళ్ళది గుంటూరు వైపు నుంచి తాతల నాడు వచ్చిన క్రైస్తవ కుటుంబం. అయినా ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఈ రైల్వే క్వార్టర్ల లైన్లలో, మావైపు వాళ్ళ మధ్యే కాబట్టి ఆవిడ మాట అచ్చం మా మాటే. ఎనభైల మధ్యలో నేను కొత్తకోడలిగా ఇక్కడ దిగిన రోజు గోడ మీంచి తొంగిచూసి, "ఏటే పిల్లా, వణుకుతున్నావేటి? సలా, బయమా?" అని అడిగింది. రెండూ అన్నాను. వేడి టీ గ్లాసు గోడ మీద పెట్టింది. అప్పటి నుంచి పెద్దమ్మ అనే పిలిచాను.

ఆవిడ భర్త వర్క్‌షాపులో పైపు ఫిట్టరు. కూతురికి పదేళ్ళున్నప్పుడు జ్వరమొచ్చి పోయాడు. ఆయన బదులు ఈవిడకి ఖలాసీ పని ఇచ్చారు. బోగీల కింద బ్రేకు గొట్టాలుంటాయి. వాటిలోకి గాలి నింపి, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ఈవిడ చేతికి ఒక సబ్బు నీళ్ళ డబ్బా, ఒక కుంచె ఇచ్చి బోగీ కిందకి పంపారు. అతుకు అతుకుకీ సబ్బు నీళ్ళు రాయాలి. బుడగ లేస్తే అక్కడ కారుతున్నట్టు. చాక్‌పీసుతో గుర్తు పెట్టాలి. పని అంతే. మొదట్లో మగవాళ్ళు నవ్వారట. "సబ్బునీళ్ళ దీదీ" అని పేరు పెట్టారు. రెండేళ్ళు తిరిగేసరికి, ఆవిడ చూసి సరే అంటేగాని ఫోర్‌మన్ ఆ బోగీ దగ్గర్నుంచి కదిలేవాడు కాడని మా ఆయన చెప్పేవాడు. ఆయన పనిచేసేదీ ఆ వర్క్‌షాపులోనే.

మా లైన్లోకి గ్యాసు పొయ్యిలు ఒక్కొక్కటే వస్తున్న రోజులవి. అంతకుముందు అందరికీ బొగ్గుల పొయ్యే. పొద్దున ఐదింటికి వీధంతా పొగ. గ్యాసంటే జనానికి బాంబు ఇంట్లో పెట్టుకున్నంత భయం. మా అత్తగారైతే సిలిండరు ఉన్న ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు కొంగు దగ్గరికి లాక్కునేది. పొయ్యికి చిన్న జబ్బు చేసినా బాగుచెయ్యడానికి ఇందా అనే పేట బజారు నుంచి మిస్త్రీ రావాలి. వాడు వారానికి వచ్చేవాడు. వచ్చేదాకా మళ్ళీ బొగ్గులే.

మా ఎదురు క్వార్టరులో ఒక బెంగాలీ ఆవిడ ఉండేది, బౌది అని పిలిచేవాళ్ళం, వదిన అని. ఒకరోజు ఆవిడ పొయ్యి మంట పసుపుపచ్చగా లేచి గిన్నెలన్నిటికీ మసి పట్టిస్తోంది. సిలిండరులో కల్తీ ఉందని బౌది గొడవ. ఆదివారం కావడంతో పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను. గుమ్మంలో ఆగి ముక్కు ఎగబీల్చింది. వాసన లేదని తేలాకే లోపలికి అడుగు పెట్టింది. తర్వాత ఎన్ని వందల ఇళ్ళకి వెళ్ళిందో, ప్రతి గుమ్మంలోనూ అలాగే ఆగేది. "ముక్కు ముందు, సెయ్యి తరవాత" అనేది.

సిలిండరు కట్టేసి, కిటికీ తెరిచి, బర్నరు చల్లారేదాకా ఊరికే కూర్చుంది. బౌది తొందరపడుతుంటే, "దాడావ్ బౌదీ, లోహా గరమ్ హై" అంది, ఆగు, ఇనుము ఇంకా వేడిగా ఉందని. బెంగాలీ, హిందీ, తెలుగూ కలిపేసి మాట్లాడేది, అందరికీ అర్థమయ్యేది. చల్లారాక బర్నరు తీసి బోర్లించి నేలకేసి తట్టింది. కంతల్లో పాలు పొంగి గడ్డకట్టిన మడ్డి. పాత పళ్ళ బ్రష్షుతో తోమింది. గొట్టం మొదట్లో గాలి పోయే చోట ఒక చిన్న రింగు ఉంటుంది. దాన్ని కాస్త తిప్పి మళ్ళీ వెలిగించింది. నీలంగా, పొట్టిగా, గుండ్రంగా లేచింది మంట.

"ఏటి సేసినావు పెద్దమ్మా?" అని అడిగాను.

"నానేటి సేసినాను? దానికి గాలి సాల్లేదు, గాలి ఇచ్చినాను. పచ్చగా మండితే గాలి సాల్లేదని. బుర్రుమని ఎగిరెగిరి మండితే గాలి ఎక్కువైందని. మంటే సెప్తాది, నువ్వు సూడాలంతే."

బౌది టీ పెడతానని బొగ్గుల పొయ్యి వైపు కదిలితే పెద్దమ్మ ఆపింది. "దీని మీదే పెట్టు. మరిగేదాకా కూకుంటాను." అదొక అలవాటు ఆవిడకి. బాగుచేసిన పొయ్యి మీద కాచిన టీ తాగితేగాని లేచేది కాదు.

ఆవిడ చేతిసంచీలో ఒక జేబురుమాలు మడత ఉండేది. అందులో పాత కరెంటు తీగ నుంచి పీకిన సన్నటి రాగి పోగులు. గ్యాసు వచ్చే జెట్టు కంత మూసుకుపోతే వాటితోనే పొడిచేది. సూది పెట్టనిచ్చేది కాదు. "సూది ఉక్కు, జెట్టు ఇత్తడి. కంత పెద్దదైపోద్ది. ఆ తరవాత మంట నీ మాట ఇనదు," అనేది. రబ్బరు గొట్టాన్ని వేళ్ళతో మెలిపెట్టి, పగుళ్ళున్నాయేమో చూసేది. కారుతోందేమోనని అగ్గిపుల్ల పెట్టి చూసే మగవాళ్ళని మాత్రం నోటికొచ్చినట్టు తిట్టేది. చూసేది సబ్బు నీళ్ళతోనే. పని చేస్తున్నంతసేపూ ఏదో చర్చి పాట, మాటలు లేకుండా, ముక్కుతో పాడుకునేది. ఆ రాగం ఇప్పుడు గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాను. రావడం లేదు.

మా ఇంటికి గ్యాసు రావడం కూడా ఆవిడ పుణ్యమే. రైల్వే వాళ్ళ పిల్లల కోసం మా లైను చివర చిన్న తెలుగు బడి ఉండేది. అక్కడ టీచరు కావాలన్నారు. నేను ఇంటరు చదివాను. నాకు వెళ్ళాలని ప్రాణం కొట్టుకునేది. కానీ బొగ్గులు రాజేసి, వంట ముగించి ఎనిమిదింటికి బయటపడడం ఎలా? పెద్దమ్మే మా అత్తగారి దగ్గర కూర్చుంది. "గ్యాసు పెట్టించు వదినా. ఏడున్నరకి వంటైపోద్ది, కోడలు బడికి ఎల్తాది. బయమైతే నానున్నాను గదా," అంది. మా అత్తగారు ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఒక్క ప్రమాదం జరిగినా, ఎంత చిన్నదైనా, సిలిండరు వెనక్కి పోవాలి. బడి మానాలి. నేను సరేనన్నాను. అప్పట్లో దేనికైనా సరే అనేదాన్నే.

ఇక ఆ గ్రిల్లు సంగతి చెప్పాలి.

ఓల్డ్ సెటిల్‌మెంట్ అవతలి వైపు బంగళాలో ఒక ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు గారి కుటుంబం ఉండేది. ఆయన రిటైరయ్యాక సామాన్లు పంచేసి ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నారు. వాళ్ళ పొయ్యిని పెద్దమ్మ చాలాసార్లు బాగుచేసింది. ఆ కృతజ్ఞతతో దొరసాని పిలిచి, షెడ్డులో గుడ్డ కప్పి ఉన్న ఒక వస్తువు చూపించింది. ఓడల్లో పనిచేసే కొడుకు ఎప్పుడో తెచ్చాడట. నాలుగు కాళ్ళ ఇనుప పెట్టె, లోపల రెండు పొడుగాటి బర్నర్లు, వాటి మీద కమ్మీల జల్లెడ, పైన పెట్టెకి పెట్టినట్టు మూత. మాంసం కాల్చుకునే గ్యాసు గ్రిల్లు. "చల్తా నహీ. ఫేంక్ దో యా లే జావ్," అంది దొరసాని, పనిచెయ్యదు, పారేస్తావో పట్టుకుపోతావో నీ ఇష్టమని. పెద్దమ్మ రిక్షా మీద వేసుకుని తెచ్చేసింది.

మూడు ఆదివారాలు పట్టింది దాన్ని బతికించడానికి. పెరట్లో ఆవిడ పని చేస్తుంటే నేను పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. మొదట గొట్టం మన రెగ్యులేటరుకి పట్టలేదు. పాతది కోసేసి, కొత్త రబ్బరు గొట్టం వేసి, క్లిప్పు బిగించి, సబ్బు నీళ్ళు రాసింది. ఒక చోట బుడగలు లేచాయి. క్లిప్పు ఇంకో చుట్టు తిప్పింది. బుడగలు ఆగాయి. సరే వెలిగిద్దామని చూస్తే మంట బర్నరు మీద రాకుండా వెనక్కి, తిప్పే నాబు కిందికి వచ్చింది. చటుక్కున సిలిండరు కట్టేసింది. నేను పీట వదిలి గోడ దాకా వెళ్ళిపోయాను. ఆవిడ కూర్చున్న చోటే ఉంది. చల్లారాక బర్నరు విప్పి, గొట్టంలోకి ఒక కన్ను మూసి చూసి నవ్వింది.

"సూడే పిల్లా, లోపల కాపురమెవులు పెట్టినారో."

సాలెపురుగు గూడు. గొట్టం మధ్యలో దట్టంగా, దూది కుక్కినట్టు. గ్యాసు ముందుకి పోలేక వెనక్కి వస్తోంది. పొడుగాటి తీగకి గుడ్డ చుట్టి నెట్టి శుభ్రం చేసింది. "వాడకుండా ఒగ్గేసిన పొయ్యి ఏదైనా ముందు గొట్టం సూడాలి. ఆ పురుగుకి గ్యాసు వాసనంటే ఇష్టమేమో," అంది. బర్నరు కంతల్లో సగం తుప్పు పట్టి మూసుకుపోయాయి. తీగల బ్రష్షుతో తోమి, ఒక్కొక్కటీ తెరిచింది. అడుగున కొవ్వు కారే రేకు మీద ఏళ్ళనాటి జిడ్డు. అది అంటుకుంటే మాంసం కంటే ముందు ఇల్లు కాలుద్దని గీకించింది. ఆ గీకుడు నా వాటా. మూడో ఆదివారం రెండు బర్నర్లూ ఈ చివర నుంచి ఆ చివర దాకా నీలంగా వెలిగాయి. పెద్దమ్మ దాని మీద నాలుగు మొక్కజొన్న కంకులు కాల్చింది. మా అత్తగారు కూడా ఒకటి తిన్నది, కాస్త దూరంగా నిలబడి.

అప్పుడే నాకు ఒక్కటే మాట పదిసార్లు చెప్పింది. "మామూలు పొయ్యికి మూత లేదు. దీనికుంది. మూత మూసుంటే గ్యాసు లోపలే కూకుంటాది. మూత తెరిసినాకే అగ్గిపుల్ల. ఆరిపోతే నాబు కట్టి, మూత తెరిసే ఉంచి, పది నిమిషాలు ఆగాలి. మర్సిపోకు."

మర్చిపోయాను.

ఆ ఏడాది క్రిస్మస్ ముందు ఆదివారం వాళ్ళ చర్చిలో ప్రేమవిందు. మధ్యాహ్నం ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోంచేస్తారు. పెద్దమ్మ గ్రిల్లు గురించి చర్చి పెద్దకి తెలిసి, కోడి ముక్కలు దాని మీదే కాలుద్దామన్నాడు. పెద్దమ్మ ముఖం ఆ వారమంతా వెలిగిపోయింది. నన్ను సాయం రమ్మంది. చర్చి వంట మనకెందుకని మా అత్తగారు సణిగింది గాని పంపింది.

చర్చి వెనక గోడవారగా గ్రిల్లు పెట్టాం. గాలి విసురుగా ఉంది. పెద్దమ్మ ముక్కలు కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్తూ, "నాను వచ్చేదాకా ఉండు," అంది. లోపల చివరి పాట అయిపోతోంది. జనం బయటికి వచ్చేసరికి మంట సిద్ధంగా ఉంటే బాగుంటుందనిపించింది. నాబులు తిప్పి అగ్గిపుల్ల గీశాను. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీశాను. అదీ ఆరింది. గాలి తగలకుండా మూత దించేశాను. నాబులు కట్టలేదు. పక్కన చిన్న కంత ఉంటుంది వెలిగించడానికి. అక్కడ పెడదామని మూడో పుల్ల గీశాను.

"మూత!" అని కేక వినిపించింది.

కొళాయి దగ్గర్నుంచి ఆవిడ అంత వేగంగా ఎలా వచ్చిందో తెలీదు. భుజంతో నన్ను పక్కకి తోసేసి కుడిచేత్తో మూత పట్టుకుని లేపింది. అప్పటికే పుల్ల కంతకి తగిలిపోయింది. భగ్గుమంది. పెద్ద చప్పుడేం కాదు, దుప్పటి దులిపినట్టు. మంట మూత అంచు వెంట నాలుకలా బయటికి వచ్చి ఆవిడ చేతిని మోచేతి దాకా చుట్టేసి వెళ్ళిపోయింది. నేను పక్కన గడ్డిలో పడి ఉన్నాను. నా చీర అంచు కూడా కాలలేదు.

ఆవిడ అరవలేదు. ఎడంచేత్తో ముందు సిలిండరు కట్టేసింది. తర్వాత కొళాయి దగ్గరికి నడిచి వెళ్ళి, చెయ్యి నీళ్ళ కింద పెట్టింది. జనం పరిగెత్తుకొచ్చారు. చర్చి పెద్ద, "ఏమైందమ్మా? ఎలా జరిగింది?" అని అడిగాడు.

నేను అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆవిడ నావైపు నడిచొచ్చి, ఎడంచేత్తో నా చేతిలోంచి ఆ అగ్గిపెట్టె తీసుకుని తన బొడ్లో దోపుకుంది.

"నానే. మూత తియ్యడం మర్సిపోనాను," అంది. "వయసైపోతంది బాబూ."

నేను నోరు తెరవలేదు.

రెండు నెలలు కట్టు ఉంది చేతికి. చర్మం వచ్చింది గాని చివరి రెండు వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు. కుంచె పట్టలేకపోతోందని వర్క్‌షాపులో బోగీల కిందనుంచి తప్పించి టూల్ రూములో స్టూలు మీద కూర్చోబెట్టారు. అంతవరకే అయితే బాగుండును. లైన్లో అందరూ పొయ్యి చూడమని ఆవిణ్ణి పిలవడం మానేశారు. మూతే మర్చిపోయిన మనిషి రేపు సిలిండరు మర్చిపోదా అన్నారు. బౌది కూడా ఇందా మిస్త్రీకే కబురు పెట్టింది. వాడు వచ్చి సూదితో జెట్టు పొడిచాడు. పెద్దమ్మ తన వరండాలోంచి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళిపోయింది. అంతకు రెండు నెలల ముందైతే రోడ్డు దాటి వెళ్ళి వాడి చేతిలోంచి సూది లాక్కునేది.

ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం వెళ్ళాను. "పెద్దమ్మా, అందరికీ నిజం చెప్పేస్తాను," అన్నాను.

ఆవిడ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "సెప్పి ఏటి సేత్తావు? నా సెయ్యి మానుద్దా? మీ అత్త గ్యాసు తీయించేత్తాది. బడి మాన్పించేత్తాది. మళ్ళీ బొగ్గులు కొట్టుకుంటావు. ఒక సెయ్యి కాలింది సాలు. రెండో సెయ్యి కూడా పెట్టడం దేనికి?"

"మరి నిన్ను అందరూ..."

"అననీ. నాకు పని పోలేదు గదా. నీకు పోతాది." తర్వాత అంది: "రేపు ఆదివారం రా. ఆ గ్రిల్లు మళ్ళీ ఎలిగించాలి నువ్వు."

వెళ్ళాను. మూడు పుల్లలు విరిగిపోయాయి. నా వెనక నిలబడి, "మూత," అంది. తెరిచాను. "నాబు," అంది. తిప్పాను. వెలిగింది. కట్టెయ్యమంది. మళ్ళీ వెలిగించమంది. ఆ ఆదివారం ఎన్నిసార్లు వెలిగించానో లెక్కలేదు. ఆ తర్వాత వారాల్లో తనకి తెలిసినదంతా నా చేతుల్లో పెట్టింది. జెట్టు విప్పడం, రింగు తిప్పడం, బిగిసిపోయిన నాబుకి ఎంత గ్రీజు పెట్టాలో, ఎంతకి మించి పెట్టకూడదో.

అలా నేను నేర్చుకున్నానని లైన్లో తెలిసింది. బౌది వచ్చింది, నా కోసం. "టీచర్ దీదీ, ఎక్‌టు దేఖో నా" అని, కాస్త చూసిపెట్టమని. నేను పెద్దమ్మ ముఖం చూశాను. "ఎల్లు, ఎల్లు. ముక్కు ముందు," అంది. ఎవరికైనా చిక్కొస్తే, నేను వెళ్ళి చూసొచ్చి గోడ ఇవతల నుంచి చెబితే, గోడ అవతల నుంచి ఆవిడ ఏం చెయ్యాలో చెప్పేది. నేను వెళ్ళి చేసేదాన్ని. అందరూ నన్ను మెచ్చుకునేవాళ్ళు. గ్యాసు టీచరమ్మ అన్నారు. ఆ పేరు నాకు నచ్చింది. ఈ సంగతి రాయడం అన్నిటికంటే కష్టంగా ఉంది. కానీ అదే నిజం, నచ్చింది.

మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది. తర్వాత నన్ను బడి మాన్పించేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. ఇవాళ, రేపు అనుకుంటూ చెప్పలేదు. పెద్దమ్మ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నో లేదో తెలీదు.

చివరి రోజుల్లో ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చారు. నేను చూడ్డానికి వెళ్తే, "మీ ఎడం బర్నరు సన్నగా మండుతాదన్నావు. సూసినావా?" అని అడిగింది. చూడలేదన్నాను. "గొట్టం మెలిపడి ఉంటాది, సూడు," అంది. మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. ఇంటికొచ్చి చూశాను. సిలిండరు వెనక గొట్టం మెలిపడే ఉంది.

శవపెట్టె ఇంటికి తెచ్చిన రోజు వరండా నిండా జనం. కూతురు అద్రా నుంచి వచ్చింది. అక్కడ రైల్వే ఆసుపత్రిలో నర్సు. పాస్టరు గారు ప్రార్థన చేశాక తలా ఒక మాట చెప్పారు. చర్చి పెద్ద లేచి, ఆవిడ ఎంత మంచి మనిషో, ఎన్ని పొయ్యిలు బాగుచేసిందో చెప్పి, "ఆ ఒక్కసారే పాపం మూత మర్చిపోయింది," అని ప్రేమగానే నవ్వాడు. కొందరు తలలూపారు.

"ఆవిడ మర్చిపోలేదు," అన్నాను.

నా గొంతు నాకే ఎవరిదోలా వినబడింది. "మూత మూసి వెలిగించింది నేను. ఆవిడ వచ్చి నన్ను తోసేసింది. నా బడి పోతుందని తన మీద వేసుకుంది. నేను ఊరుకున్నాను. ఇన్నేళ్ళూ ఊరుకున్నాను."

మా ఆయన నావైపు చూసి తల దించుకున్నాడు. ఆయనకీ నేను చెప్పలేదు. బౌది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చర్చి పెద్ద కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పెట్టె పక్కన కూర్చున్న కూతురు నన్ను చాలాసేపు చూసింది. "అమ్మ నాక్కూడా తనే మర్చిపోయానని చెప్పింది," అంది నెమ్మదిగా. "కట్టు మార్చేటప్పుడు నేను తిట్టేదాన్ని, జాగర్త లేదని." నన్ను వెళ్ళిపొమ్మనలేదు. దగ్గరికి రమ్మనలేదు.

చెప్పేస్తే తేలికపడతానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఏమీ కాలేదు. చెప్పక ముందు ఎలా ఉన్నానో తర్వాతా అలాగే ఉన్నాను. జనం లేచి పెట్టె ఎత్తారు. నేనూ వెనకాల నడిచాను.

ఒక్కటి మాత్రం జరిగింది, అది మీకు చెప్పాలి. మర్నాడు మా లైన్లో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో బౌది కూడా, పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. గోడ అవతల నుంచి బౌది ఏడుపు మాత్రం వినిపించింది.

మూడో రోజు పెద్దమ్మ కూతురు నిమ్‌పురా యార్డు వైపు ఉన్న తల్లి స్నేహితురాలికి కబురు చెప్పి రావాలంది. ఇల్లు తెలీదని నన్ను రమ్మని పిలిచింది. ఆ పిలుపు నేను ఊహించలేదు. ఇద్దరం నడిచాం. యార్డు పక్కన కంచె దగ్గరికి వచ్చాక అడిగింది.

"ఆరోజు నీకు బయమేసిందా?"

"ఊఁ."

"అమ్మకో?"

"లేదు," అన్నాను. తర్వాత ఆలోచించి, "తెలీదు. నేను అడగలేదు," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు గాని, కాస్త దగ్గరగా జరిగి నిలబడింది. కంచె అవతల, వ్యాగన్లని విడదీసి ఒక్కో లైనులోకి దొర్లించే గట్టు మీద, ఒక ఇంజను వ్యాగన్ని తోసుకొచ్చి, కొస దగ్గర వదిలేసి ఆగిపోయింది. వ్యాగను ఒక్కటే కిందికి దొర్లడం మొదలెట్టింది. ముందు లాగేవాళ్ళు లేరు, వెనక తోసేవాళ్ళు లేరు. పట్టాలు చీలే ఒక పాయింటు దాటింది. ఇంకొకటి దాటింది. పట్టాల గుంపులోంచి తన లైనులోకి మళ్ళి, ఆగి ఉన్న బోగీల వెనక్కి, మాకు కనబడకుండా వెళ్ళిపోయింది. ఎక్కడో అక్కడ తగిలి ఆగాలి కదా. ఆ చప్పుడు వినాలని ఇద్దరం కంచె పట్టుకుని అలాగే నిలబడ్డాం.